రెండో మీటరు

నా బామ్మర్ది ఉపేందర్ నెలకు తొంభై నాలుగు రూపాయలు మిగులుస్తానని చెప్పి నా జాగ పోగొట్టాడు. జాగ మింగినవాడు వేరే ఉన్నాడు, అది నాకూ తెలుసు. కానీ ముద్ద కలిపి వాడి నోటికి అందించింది ఉపేందరే.

ఈ మాట ఇంట్లో అంటే నా భార్య కళ్యాణి రెండు రోజులు నాతో మాట్లాడదు, తమ్ముణ్ణి అన్నానని. అందుకే అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పోయిన ఏడాది దాకా ఉపేందర్ అంటే నాకు ఇష్టమే. శంషాబాద్‌లో బస్టాండు వెనక సందులో వాడికి కరెంటు సామాను దుకాణం ఉంది. మా ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా, బోరు మోటరు మొరాయించినా వాడికే ఫోను చేసేవాళ్లం. పిలిచిన పూటే వచ్చేవాడు. డబ్బులిస్తే వద్దు బావా అనేవాడు. అక్క చేసిన జొన్నరొట్టె, కోడిగుడ్డు పొరటు తిని, చేతులు ప్యాంటుకే తుడుచుకుని వెళ్లిపోయేవాడు.

మాది మామిడిపల్లి. నాకు పహాడీ షరీఫ్ రోడ్డు మీద పంక్చర్ దుకాణం ఉంది. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు ఇసుక, కంకర తోలే లారీలతో నా గిరాకీ మొదలైంది. ఇరవై ఏళ్లు లారీ టైర్లు ఎత్తి దించేసరికి నడుము పోయింది. దవాఖానలో చూపించుకుంటే డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పట్టి చూసి, ఇంకో నాలుగేళ్లు చేస్తావేమో, ఆపైన నీ వల్ల కాదన్నాడు. అప్పటి నుంచి నాకు మిగిలిన ధైర్యమల్లా మా ఇంటి పక్క జాగ. అందులో వరసగా నాలుగు గదులు వేస్తే ఎయిర్‌పోర్టులో ఊడ్చేవాళ్లు, సామాను మోసేవాళ్లు కిరాయికి దిగుతారు. గదికి ఐదు వేల చొప్పున వచ్చినా, నేను మంచం దిగకపోయినా ఇల్లు నడుస్తుంది. గదుల పునాది ఎక్కడ తీయాలో, బాత్రూము ఎటు పెట్టాలో సుద్దముక్కతో దుకాణం గోడ మీద ఎన్నిసార్లు గీసుకున్నానో లెక్క లేదు.

ఆ జాగ నాకు మా ఊరి పెద్దాయన చెన్నయ్య బాపు అమ్మాడు, పదకొండేళ్ల కిందట, రెండు లక్షల నలభై వేలకు. రిజిస్ట్రీ కాలేదు. అన్నదమ్ముల వాటాలు ఇంకా తెగలేదని, తెగిన మర్నాడే చేస్తానని చెప్పి, తెల్ల కాగితం మీద రాసి వేలిముద్ర వేశాడు. ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. అది మా దిక్కు కొత్త సంగతేమీ కాదు. సగం ఊరు అలా కొన్నదే.

తెల్ల కాగితం మీద జాగ కొన్నవాడు మా ఊళ్లో ముందు పునాది తీయడు. ముందు మీటరు ఎక్కిస్తాడు. జాగలో ఒక మూల మనిషి పట్టేంత రేకుల గది లేపి, దాని గోడకు మీటరు బిగించుకుంటాడు. నెల నెలా వచ్చే బిల్లు మీద వాడి పేరు పడుతుంది. ఎవడైనా వచ్చి ఈ జాగ నీదెట్లా అంటే చేయి ఎత్తి ఆ మీటరు చూపిస్తాడు. రిజిస్ట్రీ లేనివాడికి అదే రిజిస్ట్రీ. నాకీ సంగతి చెప్పింది కూడా చెన్నయ్య బాపే. నాతో పాటు కరెంటు ఆఫీసుకు వచ్చి, నాకేం అభ్యంతరం లేదని రాసిచ్చి మరీ మీటరు ఇప్పించాడు.

“గోడ మీద నీ మీటర్ తిరుగుతున్నన్ని దినాలు నీ జాగల ఎవడు కాలు వెట్టడు కొడకా” అన్నాడు ఆ రోజు.

అలా మాకు రెండు మీటర్లయ్యాయి. ఇంటికి ఒకటి, పక్క జాగకు ఒకటి.

జాగలో బోరు వేసిన ఏడాదిలోనే రెండుసార్లు దొంగలు మోటరు వైరు కోసుకుపోయారు. ఫెన్సింగు తీగ కూడా ఒక పక్కంతా చుట్టుకుపోయారు. దాంతో నాలుగు మూలలా నాలుగు ఇనుప స్తంభాలు పాతి, ఒక్కోదానికి నూటయాభై వాట్ల పసుపుపచ్చ బల్బు పెట్టించాను. పొద్దుగూకితే వెలిగేవి, తెల్లారితే కళ్యాణి ఆర్పేది. మా ఇంటి వెనక ఉండే జంగమ్మ, పెద్దామె, ఆ లైట్లు చూసి నవ్వేది. “ఏంది మల్లేశా, విమానం గిట్ల తొవ్వ తప్పి నీ ఇంట్లనే దిగేటట్టున్నది” అనేది. దొంగలు మాత్రం మళ్లీ రాలేదు.

దొంగలు రాలేదు కానీ బిల్లులు వచ్చాయి. ఇంటి బిల్లు ఎనిమిది వందలైతే జాగ బిల్లు పదమూడు వందలు. ఎండాకాలం బోరు ఎక్కువ నడిస్తే పదిహేను వందలు. మనుషులున్న ఇంటికంటే మనిషి లేని జాగ ఎక్కువ తింటున్నదని కళ్యాణి సణిగేది. రెండు బిల్లులూ ఒకే మేకుకు గుచ్చి వేలాడదీసేది, నా కంట పడేలా.

ఒక ఆదివారం ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఉపేందర్ కంట అవి పడ్డాయి. స్టూలు మీద నిలబడే బిల్లు తీసి చదివాడు.

“బావా, నువ్వు జాగను కాపాడుతున్నవా, కరెంటోళ్లను సాదుతున్నవా?”

వాడు కిందికి దిగి, ఫ్యాను అట్టపెట్టె చింపి దాని మీద లెక్క వేశాడు. నూటయాభై వాట్లవి నాలుగు. రోజుకు పదకొండు గంటలు. ఆరున్నర యూనిట్లు. నెలకు రెండు వందలకు దగ్గర. ఈ వెలుతురంతా ఎవరు చూస్తున్నారని అడిగాడు. కుక్కలు చూస్తున్నాయని వాడే జవాబు చెప్పుకున్నాడు. తన దుకాణంలో ఇరవై వాట్ల ఎల్‌ఈడీ లైట్లున్నాయని, వాటికి సెన్సార్ ఉంటుందని, మనిషి కదిలితే వెలిగి, రెండు నిమిషాలకు వాటంతట అవే ఆరిపోతాయని చెప్పాడు. దొంగకు కూడా ఎప్పుడూ వెలిగే లైటు కంటే ఉన్నట్టుండి వెలిగే లైటుతోనే ఎక్కువ భయమట. నాలుగు కూడా అక్కర్లేదన్నాడు. మా ఇంటి పక్క గోడకు పైన రెండు బిగిస్తే జాగ మొత్తం కనబడుతుందట. స్తంభాలు వద్దు, వాటికి నేలలో వైరు వద్దు.

నిజం చెప్పాలి. ఆ పని వాడు చక్కగా చేశాడు. లైట్లు కొన్న ధరకే ఇచ్చాడు. మర్నాడు స్తంభాలు పీకించి, తుప్పు పట్టిన ఇనుమును పాత సామానోడికి వేయించి, ఆ డబ్బులు వాళ్ల అక్క చేతిలో పెట్టాడు. చీకటి పడ్డాక నేనూ కళ్యాణీ ఇద్దరం జాగలోకి పోయి నడిచి చూశాం. వెలిగాయి. కదలకుండా నిలబడ్డాం. ఆరాయి. కళ్యాణి చేయి ఊపింది, మళ్లీ వెలిగాయి. చాన్నాళ్ల తరవాత ఇద్దరం కలిసి నవ్వింది ఆ రోజే.

మరుసటి నెల ఇంటి బిల్లు నలభై రూపాయలు పెరిగింది. జాగ బిల్లు తొంభై నాలుగు రూపాయలు వచ్చింది. పదమూడు వందల నుంచి తొంభై నాలుగుకు. నేను ఆ బిల్లు జేబులో పెట్టుకుని దుకాణానికి పోయి, టైరు విప్పిస్తూ నిలబడ్డ ప్రతి డ్రైవరుకూ చూపించాను. అక్కడితో ఆగి ఉంటే ఈ రాత లేదు.

ఆగనివ్వలేదు ఉపేందర్. తొంభై నాలుగు మాత్రం ఎందుకు కట్టాలన్నాడు. లైట్లు ఇంటి మీటరు మీదికి వచ్చేశాయి. బోరు మోటరు వైరు కూడా గోడ దాటించి ఇంటి మీటరుకే కలిపితే, జాగ మీటరుతో పని లేదు. వాడినా వాడకపోయినా దానికి నెల నెలా ఇంత అని కట్టాల్సిందే. ఆఫీసులో రాసిచ్చి తీయించేస్తే డిపాజిట్ కూడా వాపసు వస్తుందన్నాడు.

డిపాజిట్ మాట నాకు నచ్చింది. దాచడం ఎందుకు?

కళ్యాణి పొయ్యి దగ్గర నుంచి ఒక మాట అంది. “చెన్నయ్య బాపు మీటర్ తియ్యొద్దన్నడు గదా.”

ఒక్కసారే అంది. గట్టిగా కూడా అనలేదు. చెన్నయ్య బాపు పోయి రెండేళ్లయిందని, పదకొండేళ్లలో ఒక్కడైనా వచ్చి అడిగాడా అని నేనే కసిరాను. ఉపేందర్ నవ్వి, “అక్కా, నువ్వు రొట్టె సూడు, మాడుతున్నది” అన్నాడు. ఇప్పుడు అడిగితే ఆమెకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదంటుంది. నాకు బాగా గుర్తుంది.

దరఖాస్తు వాడి దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టి రాశాం. వాడు పదో తరగతి పాసయ్యాడు, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. పేరు, నంబరు అన్నీ రాసి, మీటరు తీసేయడానికి కారణం దగ్గర ఆగాడు.

“అక్కర లేదని రాయి” అన్నాను.

“అట్ల రాస్తే ఎందుకు అక్కర లేదని చూసిపోను మనిషి వస్తడు. బోరు వైరు ఇంటి మీటర్‌కు కలిపింది జూస్తడు. అదొక పరేషాన్. జాగ ఇడిసిపెట్టి వేరే తాన్కి పోయినం అని రాస్త. అందరు గిదే రాస్తరు బావా, ఎవడు చదువుతడు?”

రాసి నా చేతికిచ్చాడు. నేను చదివాను. చదవలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కానీ చదివాను, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. “పై స్థలమును మేము పూర్తిగా విడిచి వేరొక చోటికి మారినందున, అచ్చట మాకు ఎట్టి అవసరము లేనందున” అని ఉంది. పుస్తకాల భాషలో ఉంది, బాగుందనిపించింది. సంతకం పెట్టాను.

పది రోజుల్లో వచ్చి మీటరు విప్పుకుపోయారు. గోడ మీద నాలుగు మేకుల బెజ్జాలు, మీటరు ఉన్నంత మేర తెల్లటి సున్నం మిగిలాయి. డిపాజిట్ వెయ్యీ చిల్లర వచ్చింది. కళ్యాణి మిక్సీకి కొత్త జారు కొనుక్కుంది.

చెన్నయ్య బాపు కొడుకు రాఘవేందర్ రాజేంద్రనగర్‌లో ఉంటాడు. జాగలు చూపించే దందా చేస్తాడు. తండ్రి ఉన్నన్నాళ్లు ఊరి ముఖం చూడలేదు. మీటరు తీసిన ఐదో నెలలో ఒకనాడు కారు చక్రంలో గాలి తగ్గిందని నా దుకాణం ముందు ఆపాడు. నన్ను చూసి దిగి, మంచీ చెడ్డా అడిగాడు. నడుము ఎలా ఉందన్నాడు. చాయ్ తెప్పించాను. తాగుతూ, “మీటర్ దీసేసినవట గదన్నా, ఖర్చెక్కువైతుండెనా?” అన్నాడు.

నేను చెప్పాను. అన్నీ చెప్పాను. పాత బల్బులు ఎంత కాల్చేవి, కొత్తవి ఎంత కాలుస్తాయి, స్తంభాలు పీకించడం, బోరు వైరు గోడ దాటించడం, దరఖాస్తులో కారణం ఎలా రాయించామో అదీ చెప్పాను. తెలివైన పని చేశానని నా గొప్ప. వాడు గ్లాసు కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు, ఒకటి రెండు చోట్ల మళ్లీ అడిగి మరీ విన్నాడు.

“మంచి పని జేసినవ్ అన్నా” అన్నాడు. గాలికి డబ్బులు నేను తీసుకోలేదు.

ఇంకో రెండు నెలలకు మైలార్‌దేవ్‌పల్లిలో కళ్యాణి చిన్నమ్మ చనిపోయింది. పెద్దకర్మకు ఇద్దరం పోయి రెండు రోజులు ఉన్నాం. ఉపేందర్ కూడా అక్కడే ఉన్నాడు. మూడో రోజు పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. ఆటో దిగి సందులోకి తిరగగానే మా గోడ మీది లైట్లు రెండూ ఒక్కసారే వెలిగాయి. ఆ వెలుతురులో కొత్త గోడ కనబడింది. సిమెంటు ఇటుక, మనిషెత్తు, జాగ చుట్టూ మూడు పక్కలా కట్టి ఉంది. నాలుగో పక్క మా ఇంటి గోడే. రేకుల గది లేదు. రోడ్డు వైపు నీలం రంగు ఇనుప గేటు, దానికి అరచేతి అంత తాళం. కళ్యాణి చేతిలో సంచి అలాగే ఉంది. లైట్లు ఆరిపోయాయి. మేమిద్దరం కదల్లేదు కాబట్టి ఆరిపోయాయి.

జంగమ్మ తన వాకిట్లో నుంచి లేచి వచ్చింది.

“రెండు ట్రాక్టర్ల ఇటుక దింపిండ్రు మల్లేశా. ఎవరి పనయ్యా అంటే ఓనర్ పని అన్నరు. నువ్వే పెట్టించినవేమో అనుకున్న. నీ లైట్లు గూడ వెలుగుతనే ఉండె మరి.”

చీకటి పడ్డాక కూడా పని చేశారట. మేస్త్రీలు కదులుతుంటే నా లైట్లు వెలిగాయట. చాయ్‌కి కూచుంటే ఆరిపోయేవట. అప్పుడు ఒకడు కూచున్న చోటి నుంచే తువాలు ఊపేవాడట, మళ్లీ వెలిగేవట. ఆ బిల్లు నేనే కట్టాను.

మర్నాడు రాఘవేందర్ గేటు దగ్గరకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, గొడవకు వచ్చినట్టు లేడు. నేను తెల్ల కాగితం తీసుకుపోయి చూపించాను. తండ్రి వేలిముద్ర చూసి, ఇది మా బాపుదే అని నేనెట్లా అనుకోవాలి అన్నాడు. సాక్షుల్లో ఒకడు చనిపోయాడు. రెండోవాడు రాఘవేందర్‌కు సొంత మేనమామ. బోరు నేను వేశానంటే మా బాపు వేశాడన్నాడు. నా గొంతు లేచింది. వాడి గొంతు లేవలేదు.

“ఇంతకు ముందు రెండు సార్లొచ్చి చూసిపోయిన అన్నా. గోడకు నీ మీటర్ జూసి ఎనకకు మర్రిన. మీటర్ ఉన్నన్ని దినాలు చెయ్యి వెట్టకని మా వకీలే చెప్పిండు. నువ్వే తీసేస్తివి. పోతున్నమని రాసిస్తివి. ఇగ నన్నేం జెయ్యమంటవ్?”

నేను తెల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఠాణాకు పోతే ఇది సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోమన్నారు. రాజేంద్రనగర్‌లో ఒక వకీలు దగ్గరకు పోయాను. కోస్తా దిక్కు మనిషి, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. తెల్ల కాగితం పక్కన పెట్టేశాడు.

“చూడండి మల్లేశ్వర్ గారూ, ఈ పదకొండేళ్లూ ఆ స్థలం మీ చేతిలో ఉందని చూపించే కాగితం ఏదైనా ఇవ్వండి. పన్ను రసీదులు ఉన్నాయా? కరెంటు బిల్లులు ఉన్నాయా?”

ఇల్లు లేని జాగకు పన్ను లేదు. బిల్లులు ఉన్నాయన్నాను, ధైర్యంగా అన్నాను. కళ్యాణి ఒక్క బిల్లు కూడా పారేయలేదు. చీరల దుకాణం కవర్లో పెట్టి ఇనుప పెట్టెలో అడుగున దాచింది. ఇంటికి వచ్చి కవరు విప్పి నేల మీద పరిచాం. చివరి ఏడాదివి కాస్త కనబడుతున్నాయి. అంతకు ముందువన్నీ తెల్లగా ఉన్నాయి. మిషన్లో నుంచి వచ్చే ఆ కాగితం మీది అక్షరాలు రేకుల కింద వేడికి ఎగిరిపోతాయట. కళ్యాణి ఒక్కొక్కటి కిటికీ దగ్గరకు తీసుకుపోయి వాలుగా పట్టి చూసింది. వందకు పైగా బిల్లులు చూసింది. ఒకదాని మీద నా పేరులో సగం కనబడిందని పిలిచింది. పోయి చూస్తే నాకేమీ కనబడలేదు. కనబడిందనే అన్నాను.

ఆఫీసులో రికార్డు ఉంటుంది, తెచ్చుకోండన్నాడు వకీలు. పోయాను. అక్కడి అమ్మాయి మంచిది, నన్ను కూచోబెట్టి, కంప్యూటర్లో వెతికి, అరగంటలో అచ్చు వేసి ఇచ్చింది. నా పేరుంది, మీటరు ఎక్కించిన తారీఖుంది, తీసేసిన తారీఖుంది. అడగకుండానే ఇంకో కాగితం కూడా జతచేసి పిన్ను కొట్టింది. నా దరఖాస్తు. ఉపేందర్ గుండ్రటి రాత, కింద నా సంతకం.

వకీలు అది రెండుసార్లు చదివాడు.

“ఇది మీ సంతకమేనా?”

“నాదే సార్.”

“మరి మీరు ఆ స్థలం వదిలి వెళ్లారా?”

“లేదు సార్. అది ఊరికే రాసింది.”

“ఊరికే రాశామని కోర్టులో ఎలా చెప్పమంటారు?”

ఆయన కేసు వేయలేనని అనలేదు. వేద్దాం, ఏళ్లు పడుతుంది, ముందు ఇంత కట్టాలి అని ఒక అంకె చెప్పాడు. ఆ అంకె నా దుకాణం మొత్తం అమ్మినా రాదు. మెట్లు దిగుతుంటే నడుము పట్టేసింది. సగం మెట్ల దగ్గర గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. పక్క నుంచి మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

మిగిలింది పెద్దమనుషుల పంచాయితీ. మా ఊళ్లో యాదయ్య కాక మాటకు ఇంకా కొంత విలువ ఉంది. ఆయన వాకిట్లో కూచున్నాం. నేనూ కళ్యాణీ ఒక పక్క, రాఘవేందర్, వాడి మేనమామ ఒక పక్క. ఉపేందర్‌ను నేనే పిలిపించాను. వాడొక్కడు నోరు విప్పి, ఆఫీసు వాళ్లు రాకుండా అలా రాశామే తప్ప బావ జాగ వదల్లేదని చెబితే చాలు. ముందు రోజు రాత్రి ఫోను చేసి ఏం చెప్పాలో అదే చెప్పాను. సరే బావా అన్నాడు.

యాదయ్య కాక దరఖాస్తు పైకి చదివాడు. అందరూ విన్నారు. తరవాత ఉపేందర్ వైపు తిరిగి, ఇది రాసింది నువ్వేనా అని అడిగాడు.

“నేనే రాసిన కాకా.”

“అవద్ధం రాసినవా?”

ఉపేందర్ నా వైపు చూశాడు. రాఘవేందర్ వైపు చూశాడు. ఆఫీసుకు అబద్ధం రాసిచ్చిన చేయి తనది. వైరు గోడ దాటించిందీ వాడే. వాడికి దుకాణం ఉంది, లైసెన్సు ఉంది.

“రాయిమన్నది రాసిన కాకా. సదివి సంతకం వెట్టింది బావ.”

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నన్ను చంపుతున్నది. కళ్యాణి తల వంచుకుని చీర కొంగు నూలు పోగులు లాగుతూ కూచుంది.

ఆ పైన ఎక్కువ సేపు పట్టలేదు. రాఘవేందర్ పెద్దమనసు చేసుకున్నాడు. మా బాపు పేరు చెడిపోవద్దు, ఆయన నిజంగా తీసుకున్నాడో లేదో నాకు తెలియదు, అయినా ఆ రెండు లక్షల నలభై వేలు ఇచ్చేస్తానన్నాడు. మిత్తి లేదు, అసలు మాత్రమే. ఇప్పుడు మా దిక్కు గజం నలభై వేలు నడుస్తోందని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్కరూ అనలేదు. నాకు ఆ జాగతో ఏ సంబంధమూ లేదని రాసివ్వాలి.

“తీసుకో మల్లేశా” అన్నాడు యాదయ్య కాక. “కోర్టుకు పోతే గివి గూడ రావు. నడుము బాగలేనోనివి.”

నేను ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. వాళ్లు ఒప్పుకున్నానని అనుకున్నారు.

రెండు రోజులకు కాగితం రాయడానికి జాగ దగ్గర కలిశాం. నీలం గేటు తాళం తీశారు. లోపల నిచ్చెన వేసి ఎవరో గోడ మీద లైటు బిగిస్తున్నారు. ఉపేందర్. సెన్సార్ లైట్లు, నా గోడ మీద ఉన్నవాటి లాంటివే, ఇక్కడ నాలుగు. పక్క గోడకు కొత్త మీటరు తిరుగుతోంది. దాని మీద తెల్ల రంగుతో రాఘవేందర్ పేరు రాసి ఉంది.

నన్ను చూసి ఉపేందర్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. దిగుదామా వద్దా అన్నట్టు ఒక కాలు కిందికి పెట్టి మళ్లీ పైకి తీసుకున్నాడు.

“ఏం జెయ్యమంటవ్ బావా, దుకాణం వెట్టుకున్నంక అడిగినోనికి అమ్మాలె గదా” అన్నాడు.

వాడు ఇప్పటికీ వస్తాడు. ఆదివారాలు వాడికి జొన్నరొట్టె చేస్తుంది కళ్యాణి. నేను దుకాణంలో పని ఉందని బయటకు పోతాను.

కాగితంలో కొలతలు పక్కాగా ఉండాలని యాదయ్య కాక టేపు తెప్పించాడు. ఉపేందర్ నిచ్చెన మీదే ఉన్నాడు, పట్టుకోవడానికి ఇంకో మనిషి లేడు. ఒక కొస రాఘవేందర్ పట్టుకున్నాడు, రెండో కొస నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. తూర్పు నుంచి పడమరకు ముప్పై మూడు అడుగులు వచ్చింది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతూ నేను సుద్దముక్కతో గీసుకున్న నాలుగు గదులూ దాటాను, బాత్రూము దాటాను, బోరు దగ్గర వంగి టేపు నేలకు ఆనించాను. యాభై అడుగులు. యాదయ్య కాక గట్టిగా చదువుతూ రాశాడు, నేను కింద సంతకం పెట్టాను. నూట ఎనభై మూడు గజాల మూడు అడుగులు.